పైనుంచి చూస్తే అందరం ఒకటేనా?

ఒకరోజు మా సారు క్లాసులో ప్రొజెక్టర్ మీద గూగుల్ ఎర్త్ తెరిచారు. భూగోళం గిర్రున తిరిగి పెరూ ఎడారి దగ్గర ఆగింది. అక్కడి నాజ్కా గీతలు చూశాం. నేల మీద నడిచేవాళ్లకు అవి ఉత్త గీతలే. పైకి వెళ్తేనే కోతి, సాలీడు, పక్షి కనబడతాయి. తర్వాత పిరమిడ్లు, చార్మినార్ చూశాం. చివరికి సారు, "ఇప్పుడు ఎవరి ఇల్లు వాళ్లు వెతకండి" అన్నారు. క్లాసంతా ఒకటే గోల!

నా వంతు వచ్చింది. మహాలక్ష్మి రేసుకోర్సు గుడ్డులాగా సులువుగా దొరికింది. అక్కణ్ణుంచి రైలు పట్టాలు పట్టుకుని ముంబై సెంట్రల్‌కు వచ్చి, తూర్పుకు జరిగాను. ఒకదానికొకటి అతుక్కున్న కప్పులు, వాటి మధ్య సన్నటి గీతల్లాగా గల్లీలు. అదే మా కామాఠీపుర.

ఇక్కడ నేనొక నిజం ఒప్పుకోవాలి. పోయిన ఏడాది ఒక వక్తృత్వ పోటీకి వెళ్లినప్పుడు, పక్కన కూర్చున్న వేరే స్కూలు అమ్మాయి "మీరెక్కడుంటారు?" అని అడిగింది. నేను "ముంబై సెంట్రల్" అన్నాను. అది పూర్తి అబద్ధం కాదు, కానీ నిజం కూడా కాదు. కామాఠీపుర అంటే జనం ముఖాలు ఎట్లా మారతాయో మాకు తెలుసు. మా పేటలో కొన్ని గల్లీల బతుకును చూసి మొత్తం పేటకే ఒక పేరు పెట్టేశారు.

అందుకే ఆరోజు క్లాసులో నాకొక విచిత్రమైన సంతోషం కలిగింది. మ్యాపు మీద పేర్లు తీసేస్తే మా పేట కూడా అన్ని పేటల్లాగే ఉంది. మలబార్ హిల్‌వీ కప్పులే, మావీ కప్పులే. ఉపగ్రహానికి మంచి పేట, చెడ్డ పేట లేవు. పైనుంచి చూస్తే అందరం ఒకటే అనుకున్నాను.

ఇంటికి వచ్చి నాయిన ఫోనులో తాతకు చూపించాను. తాత బిల్డింగు పనులు చేసి చేసి ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉంటున్నాడు. కళ్లద్దాలు సర్దుకుని, ఫోను దూరంగా పట్టుకుని, ఒక్కొక్క కప్పూ చూశాడు. వర్లీ వైపు జరపమన్నాడు. ఒక ఎత్తైన బిల్డింగు దగ్గర వేలు పెట్టి, "గిది మేం పోసిన స్లాబే" అన్నాడు.

"పైనుంచి చూసి ఎట్ల గుర్తుపట్టినవ్ తాతా?" అన్నాను.

"పైనుంచి సూసింది మేమే గదనే బిడ్డా! గండ్ల ఉండేటోళ్లు దర్వాజ సూస్తరు, లిఫ్టు సూస్తరు. స్లాబు మీద నిలవడ్డది మేం. నీళ్ల ట్యాంకి జాగ సుత నాకు యాదున్నది."

ఆ మాట నన్ను ఆపేసింది. అంత ఎత్తునుంచి తీసిన ఫోటోలో నాకు ఒక చదరం మాత్రమే కనబడింది. తాతకు అందులో ఎండ, తట్ట, తోటి కూలీలు కనబడ్డారు. ఇద్దరం చూసింది ఒకే ఫోటో. మరి దాన్ని నిజంగా చూసింది ఎవరు?

కొన్ని నాణ్యమైన ఉపగ్రహాలు 600 కిలోమీటర్లకు పైన తిరుగుతాయి. ముంబై నుంచి హైదరాబాద్ ఎంత దూరమో దాదాపు అంత ఎత్తు! అయినా వాటి చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 30 సెంటీమీటర్ల చోటును చూపించగలదు. కారును పోల్చవచ్చు. మనిషి మాత్రం ఒకటి రెండు చుక్కలే. మా పేటకు ఆ పేరు ఎందుకొచ్చిందో ఏ చుక్కా చెప్పదు. 18వ శతాబ్దం చివర్లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేసి సముద్రపు నీటిని ఆపాక ఈ పల్లపు నేలలు ఆరాయి. నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. వాళ్లే కామాఠీలు. ఈ నగరాన్ని కట్టినవాళ్ల పేరే మా పేట పేరు. నేను దాచిపెట్టింది ఆ పేరునే.

అప్పుడు అర్థమైంది. ఉపగ్రహం మమ్మల్ని తక్కువ చేయలేదు, నిజమే. కానీ గౌరవించనూ లేదు. తప్పు పట్టకపోవడం వేరు, గౌరవించడం వేరు. ఎవరినీ గుర్తించకుండా అందరినీ సమానం చేయడం సులువు. గుర్తించి, తెలుసుకుని, ఆ తర్వాత కూడా సమానంగా చూడటమే కష్టం. గల్లీ మూల నిలబడే అక్కయ్యలను నేను రోజూ చూస్తాను. వాళ్లను కప్పుల కింద దాచేసి "అందరం ఒకటే" అనడం సమానత్వం కాదు, కళ్లు మూసుకోవడం.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. అసలు ఇట్లా ఒకరి ఇంటి మీదికి తొంగి చూడటం న్యాయమేనా? 2005లో గూగుల్ ఎర్త్ వచ్చినప్పుడు మన రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారే దేశ భద్రత గురించి ఆందోళన చెప్పారు. తర్వాత 2009లో మన ఇస్రో కూడా 'భువన్' తెచ్చింది. మా కప్పు మీది నీలం తాడిపత్రి అందులో కనబడుతుంది. వానాకాలం మా ఇల్లు కురుస్తుందని ప్రపంచంలో ఎవరైనా చూసుకోవచ్చు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

కానీ ఇదే చూపు మేలూ చేసింది. ఖండ్వాకు చెందిన సరూ అనే పిల్లవాడు అయిదేళ్ల వయసులో రైల్లో తప్పిపోయి, కోల్‌కతా చేరి, ఆస్ట్రేలియాలో పెరిగాడు. పెద్దయ్యాక గూగుల్ ఎర్త్‌లో రైలు పట్టాలు పట్టుకుని వెతికి వెతికి తన ఊరు కనుక్కున్నాడు, 2012లో తల్లిని కలిశాడు. గమనించండి, దారి చూపింది ఉపగ్రహమే. కానీ నీళ్ల ట్యాంకు, పట్టాల మీది వంతెన అతని మనసులో లేకపోతే ఆ చిత్రం ఎందుకూ పనికొచ్చేది కాదు. తల్లి దగ్గరికి కాళ్లతోనే నడిచి వెళ్లాల్సి వచ్చింది.

గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు కూడా చూడొచ్చు. వర్లీలో మన తెలుగువాళ్లెందరో బతికిన బీడీడీ చాళ్లు 121 ఉండేవి, అగ్గిపెట్టెలు పేర్చినట్టు. ఇప్పుడు ఆ చోట టవర్లు లేస్తున్నాయి. మా గల్లీలను కూడా కూల్చి కట్టాలని మ్హాడా ప్రణాళిక. రేపు మా కప్పు పాత చిత్రంలోనే మిగలవచ్చు. దాని కింద ఎవరున్నారో చెప్పాల్సింది ఉపగ్రహం కాదు, మనమే.

మిత్రులారా! పైనుంచి చూడండి, చాలా బాగుంటుంది. చూశాక మీ తాతకో అవ్వకో చూపించి, "ఇదేమిటి?" అని అడగండి.

మొన్న వ్యాసరచన పోటీ ఫారం నింపాను. చిరునామా దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత స్పష్టంగా రాశాను: కామాఠీపుర.