పాత ట్రాక్టరులో ఏది ట్రాక్టరు?

ఏళ్ల తరబడి షెడ్డులో కదలకుండా పడివున్న హెచ్‌ఎంటీ ట్రాక్టరు దగ్గరకు మంచి మెకానిక్ వస్తే ముందు రంగు చూడడు. ఇంజను తిరుగుతుందా, పట్టేసిందా అని చూస్తాడు. లైనర్లు, పిస్టన్లు, రింగులు, ఆయిల్ సీళ్లు మార్చుకోవచ్చు. పోత ఇనుప బ్లాకు నెర్రె ఇస్తే మాత్రం కథ వేరు. దమ్ములో తిరిగి తిరిగి అలసిన బండికి బురద నీరు ఎక్కడెక్కడ చేరిందో విప్పితే గాని తెలియదు. లెక్క తేలాక చాలాసార్లు మరమ్మతు ఖర్చు బండి ధరను మించుతుంది. అయినా తుక్కు కింద అమ్మడానికి ఇంటివాళ్లకు మనసొప్పదు.

ఎందుకొప్పదు? ఈ ప్రశ్నకు మెకానిక్ దగ్గర జవాబు లేదు.

చెకొస్లొవేకియా జెటార్ సంస్థ సాంకేతిక సహకారంతో హర్యానాలోని పింజోర్‌లో హెచ్‌ఎంటీ 1971లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. 2016లో కేంద్రం ఆ విభాగాన్ని మూసేయాలని నిర్ణయించింది. ఇక ఆ బండికి సొంత కంపెనీ నుంచి కొత్త తోబుట్టువు రాదు. ఉన్నవాటినే బాగుచేసుకోవాలి. కానీ ఇంజను మార్చి, గేరుబాక్సు మార్చి, బానెట్టు మార్చి నిలబెట్టినది నాన్న దున్నిన ట్రాక్టరేనా?

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దపు గ్రీకు రాజు మినాండర్‌కు భిక్షువు నాగసేనుడు రథాన్ని చూపించి ఇదే చిక్కు విప్పినట్టు బౌద్ధ గ్రంథం ‘మిళింద ప్రశ్నలు’ చెబుతుంది. ఇరుసు రథం కాదు, చక్రం కాదు, కాడి కాదు. అవన్నీ కూడినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం. రవాణా శాఖది మాత్రం వేరే దారి. చాసిస్ నంబరును పట్టుకుని, అదే బండి అంటుంది. నాగసేనుడి మాట విన్నాక భాగాలు మారితే నాన్న పోతాడన్న భయం కొంత తగ్గుతుంది. బాగుచేయాలా, వద్దా అన్నది మాత్రం తేలదు.

అది తేల్చే ఆలోచన పూరీలో దొరుకుతుంది. జగన్నాథుడి విగ్రహాలు వేపకొయ్యవి. అధిక ఆషాఢం వచ్చిన ఏడాదుల్లో నవకళేబరం జరిపి వాటిని కొత్తవి చేస్తారు. 1996లో జరిగింది, మళ్లీ 2015లో. కళ్లకు గంతలు కట్టుకున్న దైతాపతులు పాత మూర్తిలోంచి బ్రహ్మపదార్థాన్ని కొత్త మూర్తిలోకి చేరుస్తారు. పాత కొయ్యకు అతుకులు వేసి నిలబెట్టరు, అవతల పారేయరు. కోయిలి వైకుంఠంలో పూడ్చిపెట్టి, అయినవాళ్లు పోయినట్టు మైల పాటిస్తారు. యాదగిరిగుట్టలో మరో దారి: 2016 నుంచి బాలాలయంలో పూజలు సాగాయి, గుడి అంతా కొత్తగా కట్టారు, గుహలోని స్వయంభువును మాత్రం కదపలేదు. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ జరిగింది.

రెండుచోట్లా మొదట తేల్చుకున్నది ఒక్కటే: ఏది మారకూడదు? ట్రాక్టరు విషయంలో అది ఇనుము కాదనే చెప్పాలి. ఆ బండి చేసే పని, దాన్ని చేయించగల చేతులు. ఇంట్లో ఎవరో ఒకరికి దాని క్లచ్ తెలిసి, ఏడాదికి కొన్నాళ్లయినా ట్రాలీనో గొర్రునో లాగించే ఉద్దేశం ఉంటే, ఖర్చు కొంత మించినా బాగుచేయడం న్యాయం. రంగేసి గేటు పక్కన నిలబెట్టడానికైతే అంత ఖర్చు ఎందుకు? నాన్న మీద ప్రేమ నిజమే. కానీ ఆయన ఆ బండిని చూస్తూ కూర్చోలేదు, దున్నాడు.

బ్లాకు పగిలిన బండిని పంపేయడం ద్రోహం కాదు. దాని గేరుబాక్సు, వెనక ఇరుసు, హైడ్రాలిక్ లిఫ్టు పక్క ఊళ్లో ఇంకో హెచ్‌ఎంటీని నడిపించగలవు. విప్పేసిన బండి సంగతి 14 రోజుల్లో రవాణా శాఖకు తెలిపి ఆర్‌సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. దసరాకు పసుపు కుంకుమలతో ఆయుధపూజ అందుకున్న యంత్రానికి సాగనంపే రోజున కూడా అంతే శ్రద్ధగా పూజ చేయడంలో తప్పేముంది? పూరీలో కొయ్యకే మైల పాటిస్తున్నారు.