కొనువాని మాట

ధ్యానమునకు: సామెతలు 20:14



ఈ నెల మీరు బైబిలు తెరచి చదువవలెనని నేను కోరు వాక్యము మిక్కిలి చిన్నది. సంతలో బేరమాడువానిని గూర్చినది. అమ్మువారి యెదుట నిలిచినంతసేపు అతడు ఆ వస్తువు దేనికిని పనికిరాదని తీసిపారవేయుచుండును. కొని నాలుగడుగులు అవతలికి వెళ్లిన తరువాత ఎంత మంచి వస్తువు చిక్కినదని తన్ను తానే మెచ్చుకొనును. ఇంతే. ఈ మాట నేను ఎన్నిమారులు చదివియుంటినో చెప్పలేను. అది నన్ను గూర్చి వ్రాయబడినదని మాత్రము గడచిన క్రిస్మసుకు ముందుగాని నాకు తెలియలేదు.

ఆ సంవత్సరము మన యౌవనస్థులకు ఒక ఆలోచన కలిగెను. తాతల కాలమున క్రిస్మసు రాత్రి వీధివీధి తిరిగి పాడినట్లు మనమును పాడుదము, రంగురంగుల కరెంటు బల్బులు వద్దు, ప్లాస్టిక్ నక్షత్రము వద్దు అనిరి. వెదురుబద్దలు కట్టి రంగు కాగితము అంటించిన నక్షత్రము, ముందు ఒకడు నెత్తిమీద మోయు పెట్రోమాక్సు లైటు, తాళములు, పాత కీర్తనల పుస్తకము, ఇవి కావలెననిరి. నాకును సంతోషమే కలిగినది. నక్షత్రము మనమే కట్టుకొనగలము. మిగిలినవి ఎక్కడ దొరకును? కావున ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని మార్కాపురము బజారులో ఒక పాత సామానుల కొట్టునకు వెళ్లితిని.

అటువంటి కొట్టు మీరును చూచియుందురు. విరిగిన సైకిళ్లు, గుల్లబారిన డబ్బాలు, మూతలేని గుండిగలు, బయట ఎండలో ఒకదానిపైనొకటి పెట్టిన తిరుగటి రాళ్లు. ఒక మూల చెక్క చట్రములు ఊడిన రాతి పలకలు దొంతరగా నుండెను. ఒకప్పుడు మన మార్కాపురపు పలక సముద్రములు దాటి పోయినది. ఇప్పుడు మన పిల్లలే దానిని వింతగా చూచుచున్నారు. మాతో వచ్చిన చిన్నవాడు ఒకటి తుడిచి చూచి, జెకర్యా యోహాను పేరు వ్రాసినది ఇటువంటిదేనా అని అడిగెను. ఆయన పలక మన కొండరాయి కాదులే నాయనా అంటిని గాని, క్రిస్మసు దినములలో వానికి ఆ సంగతి తోచినందుకు నా మనస్సు ఉప్పొంగెను.

లైటు దొరికినది; గాజు లేదు, మాంటిల్ లేదు. కీర్తనల పుస్తకమును దొరికినది, అట్టలు లేకుండ, చిత్తుకాగితముల కట్టలో. దానిని పుస్తకముగా కాక తూకమునకే ఇచ్చిరి. ఎవరింటి పెద్దలో ఆ పుస్తకము పట్టుకొని ప్రతి రాత్రి పాడియుందురు. వారి పిల్లలు ఇల్లు సర్దుచు దానిని కాగితములలో కలిపివేసిరి. దీనిని గూర్చి చెప్పవలసినది చాల గలదు గాని, నేను చెప్పదలచినది వేరొకటి.

మేము అక్కడ నుండగానే ఒక అవ్వ ఇత్తడి బిందెను చీరకొంగున చుట్టుకొని తెచ్చెను. కొట్టువాడు దానిని త్రాసులో వేసి, సొట్ట పడినది, అడుగున మాటు వేసినది అనుచు ధర తగ్గించుచుండెను. పాతకాలపు బరువైన బిందె. గుడిలో క్రిస్మసు పువ్వులు పెట్టుటకు దీనికి మించినది లేదని మాకందరికిని ఒకేసారి తోచినది. అవ్వ ఆ ధరకు ఒప్పుకొనక బయటికి రాగా, మేము వెంట వెళ్లితిమి. నేనును ఆ సొట్టనే చూపితిని. నేనును ఆ మాటునే చూపితిని. కొట్టువానికంటె నూరు రూపాయలు ఎక్కువ ఇచ్చి, ఆమెకు మేలు చేసితిమనుకొని, బిందె తీసికొని బస్సెక్కితిమి.

బస్సులో పెద్దవాడు దానిని ఒడిలో పెట్టుకొని తిప్పి చూచుచు, "అయ్యగారూ, ఇట్లాంటివి హైదరాబాదులో షోకు కోసం కొంటారు. మనం ఇచ్చినదానికి నాలుగింతలు వస్తుంది," అనెను. నేను నవ్వితిని. ఆ నవ్వు నాకు బాగుగా జ్ఞాపకమున్నది. అంతలో ఎండ పడి బిందె మెడమీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరములు కనబడినవి. ఒక స్త్రీ పేరు, దాని ప్రక్కన 1967.

సొలొమోను చెప్పిన మనుష్యుడు అప్పుడు ఆ బస్సులోనే కూర్చుండియుండెను.

పాతవస్తువులను వెదకి తెచ్చుకొనుట పాపమని నేను అనను. మన పెద్దలు వాడినదానిని చెత్తలోనుండి ఎత్తి తుడిచి గుడిలో పెట్టుట మంచిదే. అయితే బైబిలులో పెద్దలు ఎట్లు కొనిరో చూడుడి. శారా మృతిబొందినప్పుడు అబ్రాహాము మక్పేలా పొలము నడిగెను. ఊరివారందరి యెదుట ఎఫ్రోను ఉచితముగానే తీసికొమ్మన్నట్లు పలికి, మాటలో మాటగా నాలుగువందల తులముల వెండి అనెను. అబ్రాహాము ఆ పొలమునకు ఏ వంకయు పెట్టలేదు, అంతయు తూచి ఇచ్చెను. దావీదునకు అరౌనా తన కళ్లమును ఎద్దులను ఊరక ఇచ్చుటకు సిద్ధపడగా, తనకు ఖర్చు లేనిదానిని దేవునికి అర్పింపనని యాబది తులముల వెండి చెల్లించెను. మేము దేవుని మందిరమున పెట్టుటకే ఆ బిందె కొంటిమి. దాని వెలలో సగము పైగా ఇచ్చినదెవరు? ఆ అవ్వయే గదా!

ఇక్కడ కొందరు మత్తయి 13వ అధ్యాయములోని మనుష్యుని ఎత్తి చూపుదురు. పొలములో ధనము చూచి, దాచి, చెప్పకయే కొనలేదా అందురు. ప్రభువు అక్కడ మెచ్చినది దాచుటను కాదు. అతడు సంతోషముతో తన కున్నదంతయు అమ్మివేసెను. మాకున్నదానిలో మేము ఏమి అమ్మితిమి?

మరియొక సంగతి. ధర్మశాస్త్రములో తిరుగటిని గాని దాని పైరాతిని గాని తాకట్టు పట్టకూడదని యున్నది, అది ఆ యింటివారి ప్రాణము గనుక. కొట్టు ముందర ఎండలో ఉన్న ఆ తిరుగటి రాళ్లు నాకు అప్పుడు జ్ఞాపకము వచ్చినవి. పాత్రలు, రాళ్లు ఊరక బజారునకు రావు. మన పడమటి సీమలో వాన తప్పిన ఏట బోరు ఎండును, మనుష్యులు వలసపోవుదురు, ఇత్తడి బజారునకు వచ్చును. 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో చెంబు తప్పేల అమ్ముకొని తినినవారు ఎందరో. ఆ దినములలో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మనవారికి కూలి చూపెను. కరవు తీరుచుండగా, మన నల్లమలలో పుట్టి కంభము చెరువు నింపి సముద్రమునకు పోవు గుండ్లకమ్మలో, వెల్లంపల్లి యొద్ద, 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో ఎందరు తమ పాత్రలు అమ్ముకొనినవారో ప్రభువునకు తెలియును. మనము అమ్ముకొనినవారి సంతతి. కొనువాని మాట మన నోట ఎట్లు వచ్చినది?

మరునాడు పెద్దవాడే నా యింటికి వచ్చి, "అయ్యగారూ, రాత్రి నిద్ర పట్టలేదు," అనెను. హైదరాబాదు ధర చెప్పినవాడు వాడే. ఇద్దరము మరల మార్కాపురము వెళ్లితిమి. కొట్టువాడు, పాపము, మంచివాడే. అవ్వ ఊరు చెప్పి, దారియు చెప్పెను. బస్సు దిగి చాలదూరము నడచి ఆ యిల్లు చేరితిమి. మనుమనికి కాలేజీ ఫీజు కట్టుటకు అమ్మినదట. బిందె ముందుపెట్టి, తీసికొమ్మని అడిగితిని. ఆమె చేయి అడ్డము పెట్టెను. "డబ్బు కట్టేసినాం నాయనా. నేను మళ్లీ ఏం తెచ్చి ఇచ్చేది?" అనెను. అప్పుడు మిగిలిన వెల ఆమె చేతిలో పెట్టితిమి. రెండుమారులు లెక్కపెట్టుకొని రొంటిన దోపుకొనెను.

కొంతసేపటికి బిందెను దగ్గరకు లాగుకొని మెడమీద వ్రేలు పెట్టి తడిమెను. "నా పెండ్లికి మా నాయన కొట్టించినాడు. ఇక్కడేనా ఉండేది? నాకు చదువు రాదు," అనెను. పిల్లవాడు ఆమె ప్రక్కన నేలమీద కూర్చుండి, ఒక్కొక్క అక్షరము మీద ఆమె వ్రేలు పెట్టించి ఆమె పేరు చదివి వినిపించెను. మరల ఒకమారు చదువుమనెను. చదివెను.

మేము లేచునప్పుడు, "దీన్ని మీ గుడిలో పెడతారా?" అని అడిగెను. పెట్టుదుమంటిమి.

"అయితే పేరు ఇటు తిప్పి పెట్టండి, కనపడేటట్టు," అనెను.