మనవాని హామీ

దాళ్వా ధాన్యము అమ్ముడుపోయి, అప్పులు తీరి, కొంత సొమ్ము చేతిలో మిగిలిన దినములలో అత్తిలివంటి ఊరిలో సలహాదారులకు కొదువ యుండదు. ఒకడు బంగారము కొనుమనును. ఒకడు రోడ్డు ప్రక్కన స్థలము చూపును. ఒకడు చీటీలో చేరుమనును. మరియొకడు నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు వ్రాయించెదననును. వీరిలో ఎవరి మాట వినెదము? లెక్క తెలిసినవాని మాట కాదు. మనకు తెలిసినవాని మాట. "మనవాడే గదా" అను పలుకునకు మన పల్లెలలో ఉన్న విలువ రిజిస్టరు పత్రమునకు లేదు. ఈ నమ్మకము చెడ్డదని నేననను. అది లేనిచో ఊరు ఊరుగా నిలువదు. అయితే నమ్మకము సొమ్మునకు హామీ కాగలదా? మన మాట విని పొరుగువాడు తన సొమ్ము పోగొట్టుకొనినయెడల మన బాధ్యత యెంత?

ముందు లెక్క చూతము. నూటికి నెలకు రెండు రూపాయలనగా సంవత్సరమునకు 24. ఇటీవలి కాలమున బ్యాంకులును పోస్టాఫీసును ఇచ్చుచున్నది నూటికి ఏటా ఆరేడు రూపాయలు. మన ఊరి భాషలో చెప్పవలెనన్న అర్ధరూపాయి వడ్డీ. బ్యాంకు పిసినారి గనుక తక్కువ ఇచ్చుచున్నదని పలువురు తలంతురు. అట్లు కాదు. బ్యాంకులో అప్పు పుట్టగలవాడు రెండు రూపాయల వడ్డీకి మన గడపకు రాడు. వచ్చినవాడు అక్కడ అప్పు పుట్టనివాడైనను కావలెను, ఆగలేని అవసరములోనున్నవాడైనను కావలెను. కావున పైనున్న రూపాయిన్నర వడ్డీ కాదు, అపాయమునకు కూలి.

బ్యాంకునకు అపాయము లేదా? ఉన్నది. 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడినప్పుడు ఎందరో డిపాజిట్‌దారులు వీధిన పడిరి. ఆ పాఠమువలననే 1962లో డిపాజిట్ల భీమా ఏర్పడినది. 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల వరకు ఆ భీమా యున్నది. పోస్టాఫీసు సొమ్మునకు కేంద్ర ప్రభుత్వమే పూచీ. అక్కడ నష్టము చప్పుడు చేయక వచ్చును: ధరలు వడ్డీకంటె వేగముగా పెరిగినయెడల, పదేండ్ల తరువాత ఆ సొమ్ముతో నేటికంటె తక్కువ బస్తాలు కొందుము.

బంగారము వడ్డీ పెట్టదు. 2013లోవలె ధర పడిపోవుటయు గలదు. భూమి మంచిదే గాని, ఆసుపత్రి ఖర్చు వచ్చిననాడు దానిలో అరసెంటు విరిచి అమ్మలేము. పైగా ఆ భూమిని చట్టము ఏమనుచున్నదో విచారింపవలెను. కొల్లేటిలో అయిదవ కాంటూరు లోపలి ప్రదేశము 1999లోనే పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2006లో అక్కడి చేపల చెరువుల గట్లను ప్రభుత్వము పగులగొట్టించినప్పుడు, వాటిలో పెట్టుబడి పెట్టినవారి సొమ్ము చేపకు జబ్బు వచ్చి పోలేదు.

చీటీ సంగతి వేరు. ముందు పాడుకొనినవానికి అది అప్పు. చివరిదాక ఆగినవానికి అది పొదుపు. పాడుకొనినవారు నెల నెల కట్టుట మానినచో, ఆగినవాడు మునుగును. 1982 నాటి చట్టము ప్రకారము చీటీ నడుపువాడు ముందుగా రిజిస్ట్రారు అనుమతి పొంది, చీటీ మొత్తమునకు సమానమైన హామీ ఉంచవలెను. పొరుగింటి పిన్నిగారి చీటీకి పిన్నిగారి మంచితనమే హామీ. ఆమె మంచిదే, ఆమె చేర్చుకొనిన ఇరువదిమందియు మంచివారేనా?

కంపెనీ వాటాలలోను ఈ "మనవాడు" ప్రవేశించెను. సత్యం కంప్యూటర్స్ స్థాపించినవాడు మన పశ్చిమ గోదావరివాడను అభిమానముతోనే వాటాలు కొనినవారు లేకపోలేదు. 2009 జనవరి 7న ఆయన తమ లెక్కలు కల్పితములని స్వయముగా ఉత్తరము వ్రాయగా, ముందునాడు సుమారు 179 రూపాయలున్న వాటా ఆ సాయంకాలమునకు 40 రూపాయల దరికి దిగెను. పలు కంపెనీలలో కొంచెము కొంచెముగా పెట్టు మ్యూచువల్ ఫండు సయితము బజారుతోపాటు దిగును. గాని ఒక్కని అబద్ధమువలన అంతయు పోదు. ప్రసంగి గ్రంథమున సొమ్మును ఏడెనిమిది భాగములు చేయుమన్న మాటను కొందరు ధర్మము చేయుటకనియు, కొందరు వర్తకమునకనియు వివరింతురు. రెండర్థములును మనకు పనికివచ్చును.

ఇక అగ్రిగోల్డ్. విజయవాడ కేంద్రముగా 1995లో మొదలైన ఆ సంస్థ, స్థలమైనను ఇచ్చెదము, లేదా అధిక లాభముతో సొమ్మైనను ఇచ్చెదమని చెప్పి, సుమారు 32 లక్షలమంది నుండి 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసినది. చెల్లింపులు ఆగిపోగా, 2015లో ఏలూరు చేరువనున్న పెదపాడు పోలీసు ఠాణాలో కేసు నమోదయ్యెను. వ్యవహారము ఏలూరు న్యాయస్థానమునకు వచ్చెను. చిన్న మొత్తములు కట్టినవారికి రాష్ట్ర ప్రభుత్వము 2019లో 10,000 రూపాయల లోపు, 2021లో 20,000 రూపాయల లోపు ఖజానానుండి చెల్లించెను. అంతకు మించి కట్టినవారు ఏండ్ల తరబడి కాచుకొనిరి.

అంతమంది ఎట్లు నమ్మిరి? విజయవాడలోని అధికారులను వారెరుగరు. వారెరిగినది ఏజెంటును. అతడు మేనమామ కొడుకు, బడిపంతులు, ఆదివారము ప్రక్క బల్లపై కూర్చుండువాడు. "ఈ లాభము ఎక్కడనుండి వచ్చును?" అని వారడుగలేదు, అడిగినచో అతనిని అవమానించినట్లని తలంచిరి. "నేనున్నాను గదా" అని అతడును అనెను. సామెతల గ్రంథము పరునికి పూటపడుటనుగూర్చి పలుమారులు హెచ్చరించును. ఏజెంటు తెలియకయే ఊరంతటికి పూటపడెను.

తలాంతుల ఉపమానమును చూపి, అధిక లాభమే ఆశీర్వాదమని చెప్పువారు కలరు. భయపడి పాతిపెట్టినవాడు గద్దింపబడిన మాట నిజమే. అయితే యజమానుడు వానినుండి కోరిన కనీసము సాహుకారు వద్ద దొరకు వడ్డీయే. దానిని మనమెవ్వరమును గమనింపము. మరియు ఆ దాసులు వ్యాపారము చేసినది, చేయుమని యజమానుడే అప్పగించిన సొమ్ముతో. విధవరాలు కుమార్తె పెండ్లికని దాచినదానిని అపాయములో పెట్టుటకు ఆమె ఎవరికి సెలవిచ్చెను? అపాయమున్నదనియే ఆమె ఎరుగదు.

అతడును మోసపోయెను, అతని సొమ్మును పోయెనని కొందరందురు. నిజమే, అతనిని దొంగయనుట అన్యాయము. పోయినదంతయు అతడే తీర్చవలెననుటయు నాకు సమ్మతము కాదు. అట్లనినచో అతని పిల్లలు వీధిన పడుదురు. కాని పొరుగువారు కట్టిన ప్రతి వాయిదాలో అతనికి కమీషను ముట్టినది. అది లాభము కాక, అతని మాటకు కట్టిన ధర. ఆ మాట చెల్లనప్పుడు ఆ ధర వారిదే. ఒక్కసారి కాకున్నను పంట పంటకు కొంతగా దానిని తిరిగి చేర్చవలెను. ఇంకొకటి కలదు: రసీదులు చినిగి, సంతకము చేయరాని ముసలమ్మకు అర్జీ వ్రాసిపెట్టి, ఏలూరువరకు వెంటనడచుట. ఆమె గడప తొక్కుటకు అతనికి సిగ్గు అడ్డువచ్చును. అయినను వెళ్లవలెను; ఆ దినపు బస్సు ఛార్జీ అతడే పెట్టుకొనవలెను.