వంకర కుట్టు

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 9:36–42, మత్తయి 18:15, 1 కొరింథీయులకు 12:22



పొందిక లేని ప్రసంగమును విన్నప్పుడు మన గ్రామములలో “అతుకుల బొంతవలె నున్నది” అని నవ్వుట కలదు. అయితే క్రిస్మసు దినముల చలిలో, తడికె సందులలోనుండి గాలి కొట్టుచుండగా, అతుకుల బొంత కప్పుకొని నిద్రించినవాడు దానిని చూచి నవ్వడు. తల్లి కట్టి విడిచిన చీర, తండ్రి పాత పంచె, చిన్నతనమున చనిపోయిన చెల్లెలి గౌను గుడ్డ, ఇవన్నియు ఆ బొంతలో నుండును. చినిగినవాటిని పారవేయక కూర్చినందుననే అది వెచ్చగా నున్నది.

మా సంఘములో స్త్రీల సమాజమువారు ప్రతి సంవత్సరము వాన కాలము వెళ్లిన పిమ్మట కూడి బొంతలు కుట్టుచుందురు. ఇంటింటినుండి పాత చీరలు తెచ్చి, ఉతికి, ఆరవేసి, చీకిన భాగములు చింపివేసి, మందిరపు వసారాలో చాపలమీద పొరలు పొరలుగా పరచెదరు. నాలుగు మూలల రాళ్లు పెట్టి, మొదట దూరదూరముగా కుట్లు వేసి పొరలను కదలకుండ నిలిపెదరు. పిమ్మట నలుగురు నాలుగు వైపుల కూర్చుండి, అంచునుండి నడిమికి దగ్గర దగ్గరగా కుట్టుకొనుచు వచ్చెదరు. చేతులు కుట్టుచుండగా నోళ్లు కీర్తనలు పాడుచుండును. ఎవరి కోడలికి జ్వరము, ఎవరి చేనికి పురుగు పట్టినది అను సంగతులు అక్కడనే తెలియును, అక్కడనే ప్రార్థన జరుగును. సిద్ధమైన బొంతలను విధవరాండ్రకును, దిక్కులేని వృద్ధులకును ఇచ్చెదరు.

ఒక సంవత్సరము అక్కడ జరిగిన సంగతి మమ్మును ఈ వ్యాసము వ్రాయుటకు ప్రేరేపించినది.

ఆ కూటములో ఒక అవ్వ యుండెను. సమాజము ప్రారంభమైన దినమునుండి ఆమె సూది పట్టినది. అయితే ఆమె కండ్లకు శుక్లములు క్రమ్మెను. ఆమె కుట్లు పాము నడచినట్లు వంకరలు పోవుచు, కొన్నిచోట్ల జానెడు మేర కుట్టు లేకయే యుండెను. అందరు చూచిరి గాని ఎవరును పలుకలేదు. సాయంకాలము అవ్వ ఇంటికి వెళ్లిన పిమ్మట ఒక సహోదరి దీపము పెట్టుకొని, అవ్వ కుట్టినదంతయు విప్పి, తానే చక్కగా కుట్టుచు వచ్చెను. ఇది అనేక దినములు జరిగెను. మాకును తెలియును. మంచి పనియే అని మేమును ఊరకుంటిమి.

ఒకనాడు అవ్వ తన వైపును చేతితో తడవి చూచి, “ఇది నా కుట్టు కాదు” అనెను. ఎవరును మారు పలుకలేదు. ఆమె సూదిని గుడ్డలో గ్రుచ్చి, లేచి వెళ్లిపోయెను. మూడు నెలలవరకు సమాజమునకు రాలేదు.

ఇప్పుడు ప్రశ్న ఏమనగా, వంకర కుట్టును విప్పవలెనా, విడువవలెనా?

విడువవలెనని కొందరనిరి. అవ్వ ప్రేమతో కుట్టినది, దేవుడు హృదయమును చూచును గాని కుట్టును చూచునా అని వారి వాదము. విప్పవలెనని కొందరనిరి. ఆ బొంత ఒక బీద విధవరాలికి పోవును. కుట్టు లేనిచోట పొరలు జారి ఉండలు కట్టును. అవ్వను సంతోషపెట్టుటకు ఆ విధవరాలు చలిలో వణకవలెనా అని వారి వాదము. యాకోబు తన పత్రికలో 2:15–16 వచనములయందు, వస్త్రములేని సహోదరునికి వెచ్చగా ఉండుమని మాట చెప్పి, కావలసినది ఇయ్యక పంపువానివలన ప్రయోజనమేమని అడుగుచున్నాడు. పట్టు లేని బొంత ఇచ్చుటయు అట్టి వట్టి మాట చెప్పుటవంటిదే గదా. బీదవానికిచ్చునది గనుక ఎట్లున్నను చాలును అనుకొనుట ప్రేమ కాదు. ఇరుపక్షములలోను సత్యము కలదని ఒప్పుకొనవలెను.

ఈ ప్రశ్న మనకు మాత్రమే వచ్చినది కాదు. అమెరికా దేశమున ఆలబామా రాష్ట్రములో, విల్కాక్స్ కౌంటీయందు, ఆలబామా నది వంపు తిరిగినచోట గీస్ బెండ్ అను పల్లె కలదు. అక్కడి జనులు ప్రత్తి తోటలలో బానిసలుగా నుండిన నల్లజాతివారి సంతతివారు. తోట యజమానుడైన పెట్‌వే అనువాని ఇంటిపేరే నేటికిని వారిలో అనేకులకు కలదు. బానిసత్వము పోయినను బీదరికము పోలేదు. 1932లో, వారికి అప్పులిచ్చిన ఒక వర్తకుడు మరణించగా, అతని వారు వచ్చి పశువులను, పనిముట్లను, తిండిగింజలను కూడ బండ్లకెత్తి తీసికొనిపోయిరి. రాత్రి కప్పుకొను వస్త్రమును తాకట్టు పట్టినవాడు ప్రొద్దు గ్రుంకకమునుపే దానిని తిరిగి ఇయ్యవలెనని నిర్గమకాండము 22:26–27లో దేవుడు ఎందుకు ఆజ్ఞాపించెనో అట్టి దినములు చూచినవారికి తెలియును.

ఆ పల్లె స్త్రీలు బొంతలు కుట్టెడివారు. వాటిని వారు క్విల్టులందురు. చిరిగిన పొలము పని దుస్తులు, సంచి గుడ్డలు, ఏది దొరికిన అది కోసి అతికి, లోపల ప్రత్తి పరచి కుట్టెడివారు. పలకల ఇండ్లలో సందులగుండ గాలి వచ్చును గనుక ఒక్కొక్క పడకమీద అనేక బొంతలు కప్పవలసి యుండెను. ఒకరి ఇంట చట్రము దించి, ఇరుగుపొరుగు స్త్రీలు చుట్టు కూర్చుండి, పాడుచు ప్రార్థించుచు కుట్టెడివారు. వారిలో అనేకులు గీతలు గీసి, కొలతలు చూచి కుట్టినవారు కారు. తమకు తోచినట్లు కూర్చినదానిని “నా తీరు” అని చెప్పుకొనెడివారు.

1965లో మార్టిన్ లూథర్ కింగ్ బోధకుడు ఆ పల్లెకు వచ్చి మాటలాడెను. ఓటు హక్కు కొరకు వారు పాటుపడుచుండిన కాలమది. నది దాటి కౌంటీ పట్టణమైన కామ్డెన్‌కు పోవు పడవ సౌకర్యము 1962లోనే ఆగిపోయెను. అది తిరిగి వచ్చుటకు 2006వరకు కనిపెట్టవలసి వచ్చెను. ఓటరుగా నమోదైనందుకు భూమినుండి వెళ్లగొట్టబడిన కుటుంబములును కలవు.

1965 సంవత్సరాంతమున ఫ్రాన్సిస్ వాల్టర్ అను ఎపిస్కోపల్ సంఘపు బోధకుడు ఆ ప్రాంతమున పోవుచు ఒక ఇంటియొద్ద దండెమున ఆరవేసిన బొంతలను చూచెను. తెల్లవాడు వచ్చుచున్నాడని ఆ ఇంటి ఇల్లాలు భయపడి అడవిలోనికి పారిపోయెను. అతడు మరల వచ్చి, ఒక్కొక్కటి 10 డాలర్ల చొప్పున బొంతలు కొని, న్యూయార్క్ నగరమున వేలము వేయించెను. 1966 మార్చి నెలలో ఆ ప్రాంతపు స్త్రీలు కూడి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అను సహకార సంఘమును స్థాపించిరి. బీ అనగా పదిమంది కూడి ఒక పని చేయు కూటము. ఎస్టెల్ విథర్‌స్పూన్ అను ఆమె అనేక సంవత్సరములు దానిని నడిపించెను. 1969లో కుట్టుపనికి స్వంత భవనము ఏర్పడెను. అంతవరకు ప్రత్తి చేలలో కూలిచేసిన స్త్రీలు తమ చేతిపనికి జీతము కండ్ల చూచిరి. వెళ్లగొట్టబడిన కొన్ని కుటుంబములకు సంఘము కొనిన భూమిలో ఇండ్ల స్థలములు దొరికెను.

అయితే అక్కడను కుట్టు ప్రశ్న వచ్చినది. నగరపు పెద్ద అంగళ్లవారు ఒకే కొలత, ఒకే మాదిరి, సమానమైన కుట్లు కోరిరి. మాదిరి తప్పిన పనికి తావు లేకపోయెను. నేర్చుకొన్నవారికి జీతము దొరికెను. “నా తీరు” విడువలేని కొందరు ఇండ్లయొద్దనే తమకై కుట్టుకొనిరి. 1972లో సియర్స్ అను వర్తక సంస్థ కార్డురాయ్ బట్టతో దిండ్ల గలీబులు కుట్టుపని ఇచ్చెను. ఆ పనిలో మిగిలిన ముక్కలను పల్లె స్త్రీలు ఇండ్లకు తెచ్చుకొని, తమకు తోచిన తీరున బొంతలు కుట్టిరి.

తరువాత జరిగినది ఆలోచింపదగినది. 2002లో గీస్ బెండ్ బొంతలను హూస్టన్‌లోను, న్యూయార్క్‌లోను గొప్ప చిత్రశాలల గోడలమీద ప్రదర్శించిరి. 2006లో అమెరికా ప్రభుత్వము వాటిలో పదింటి బొమ్మలతో తపాలా బిళ్లలు ముద్రించెను. అవి అంగళ్ల మాదిరికి కుట్టినవి కావు, ఇండ్లలో “నా తీరు”న కుట్టుకొన్నవి. మనుష్యులు ఒకనాడు పనికిరాదన్న వంకరనే మరియొకనాడు అందమని పొగడిరి. కాబట్టి కంటికి ఇంపుగా నుండుటను గూర్చిన మనుష్యుల తీర్పు నిలుకడగల త్రాసు కాదని తెలిసికొనవలెను. అయినను నగర వర్తకుల కొలత కేవలము చెడ్డదనియు చెప్పజాలము. 2012లో ఆ సహకార సంఘము మూతపడువరకు ఆ కొలతయే అనేక గృహములలో పొయ్యి వెలిగించినది.

కాగా కొలతలు రెండు విధములని మాకు తోచుచున్నది. మొదటిది పట్టు కొలత. కప్పుకొనువాని శరీరమునకు మనము బాకీపడినది ఇదియే. ఇందులో రాజీ కూడదు. పొరలు జారు బొంతను దయ పేరిట ఇచ్చుట దయ కాదు. రెండవది సొగసు కొలత. కుట్టు తిన్నగా నున్నదా, అంచులు సమముగా నున్నవా అనునది. దీనికొరకు ఒక సహోదరిని కూటమునుండి దూరము చేయుట పాపము. ఈ రెండు కొలతలకు పైగా మనిషి యున్నది. బలహీనముగా కనబడు అవయవములే మరి అవశ్యమైనవని పౌలు కొరింథీయులకు వ్రాసెను గదా.

యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు పేతురునొద్ద నిలిచి ఏడ్చుచు, ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను చూపిరి. ఆ కుట్లు తిన్నగా నుండెనో, వంకరగా నుండెనో లేఖనము చెప్పదు. ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టినవని మాత్రము చెప్పుచున్నది. ‘తమతో’ అను మాటను గమనింపుడి. వారు ఏడ్చినది అంగీలు కరవైనందుకు మాత్రమే కాదు, తమతో కూర్చుండినది లేకపోయినందుకు.

మా తప్పు ఇక్కడనే తెలిసెను. ఆ సహోదరి విప్పుట తప్పు కాదు, ఆ జానెడు మేర కుట్టు అవసరమే. చీకటిలో విప్పుటయే తప్పు. తెలిసియు మేము ఊరకుండుట అంతకన్న తప్పు. సహోదరుడు తప్పిదము చేసినయెడల, నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు అతనితో చెప్పుమని ప్రభువు ఆజ్ఞాపించెను. తప్పిదమునే ముఖాముఖిగా చెప్పవలసినయెడల, తప్పు కాని బలహీనతను గూర్చి వెనుక చేరి పని నడుపుట ఎంత అన్యాయము! ఆమె మనస్సు నొచ్చునని మేము మౌనముగా నుంటిమి అనుకొంటిమి. నిజముగా, చెప్పు కష్టమును తప్పించుకొంటిమి.

మేమును, ఆ సహోదరియు, పాస్టరమ్మగారును అవ్వ ఇంటికి వెళ్లి క్షమించుమని అడిగితిమి. అవ్వ చాలసేపు మాటలాడలేదు. తుదకు, “చెప్పియుంటే నేనే విప్పుకొందును గదమ్మా. ఇన్నేండ్లు కుట్టినదాన్ని, విప్పుట నాకు రాదా?” అనెను. ఆ మాటకు మాయొద్ద ఉత్తరము లేకపోయెను.

మరుసటి వారమున ఆమె రాలేదు. ఆ తరువాతి వారమున వచ్చెను. సూది అడుగలేదు. చీరల గుట్టయొద్ద కూర్చుండి, ఒక్కొక్క గుడ్డను రెండు చేతుల పట్టి మెల్లగా లాగి చూచి, “ఇది చీకినది, తీసివేయుడి, ఇది ఇంక పదేండ్లు నిలుచును, పైపొరకు ఉంచుడి” అని చెప్పసాగెను. కండ్లున్న మేము రంగు చూచి ఏరుకొనెడివారము. ఆమె వ్రేళ్లు బలము చూచి ఏరుచుండెను. ఆ పని అంతకుముందే ఆమెకు ఇయ్యదగినది. మాకు తోచలేదు, ఎందుకనగా మేమామెను అడుగలేదు. అయినను ఆ మూడు నెలలు తిరిగి రావు. అవ్వ ఇప్పటికిని అప్పుడప్పుడు తన వైపు కుట్టును చేతితో తడవి చూచును. ఆ చెయ్యి చూచినప్పుడెల్ల మాకు సిగ్గు కలుగుచున్నది.

ప్రియులారా, ఇది బొంతను గూర్చిన మాట మాత్రమే కాదు. మీ సంఘములో గొంతు తప్పిన వృద్ధుడొకడు ఇంకను పాటకు ముందు నిలుచుచుండవచ్చును. చదువు చాలని ఉపదేశకుడొకడు ఆదివారపు బడిలో వాక్యమును తప్పుగా చెప్పుచుండవచ్చును. లెక్క తప్పు పెద్ద ఒకడు కానుకల పుస్తకము వ్రాయుచుండవచ్చును. పిల్లలకు తప్పు బోధ పోకూడదు, కానుకల లెక్క తప్పకూడదు. అవి పట్టు కొలతలు. పాట శ్రుతి యన్ననో, మిక్కిలి తరచుగా సొగసు కొలతయే. ఏది ఏదో మొదట తెలిసికొనుడి. దిద్దవలసినదైనయెడల వెనుక గొణగకుడి, రాత్రివేళ విప్పకుడి. వెళ్లి, ఒంటరిగా, ప్రేమతో చెప్పుడి. చెప్పి వచ్చివేయక, “నీవు మాతో ఏ పనిలో కూర్చుందువు?” అని అడుగుడి.

కుట్టు విప్పవచ్చును గాని మనిషిని విప్పివేయరాదు. చినిగిన మనలను ఏరి, తన రక్తముచేత ఒక్కటిగా కూర్చిన ప్రభువు, మన వంకరలను మనతో చెప్పియే దిద్దుచున్నాడు, దిద్దుచునే తన చెంత ఉంచుకొనుచున్నాడు. ఆయన మనయెడల చేసినట్లు మనమును ఒకరియెడల ఒకరము చేయుటకు ఆయన కృప మనకందరికిని తోడైయుండును గాక. ఆమేన్.