గడ్డకట్టిన కణాలు – మేలుకొని ఉండవలసిన అంతరాత్మ

‘రుబెల్లా టీకా వెనుక గర్భస్రావం ఉందట గదా! బిడ్డకు వేయిస్తే ఆ పాపంలో మనకూ పాలు ఉంటుందా?’ అని కొందరు తల్లిదండ్రులు కలవరపడుతుంటారు. ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. నెమ్మదిగా ఆలోచిద్దాం.

1962లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, విస్టార్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞుడు లియొనార్డ్ హేఫ్లిక్, స్వీడన్‌లో గర్భస్రావం చేయబడిన ఒక ఆడశిశువు ఊపిరితిత్తుల కణాలను పెంచాడు. ఆ తల్లి అనుమతి ఎవరూ అడగలేదు. ఆ గర్భస్రావం టీకా కోసం జరిగినది కాదు. డబ్ల్యు.ఐ.-38 అనే ఆ కణాలు సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయి. అందుకే వాటిని 800కు పైగా చిన్న గాజు బుడ్లలో గడ్డకట్టించి దాచారు.

కణాన్ని మామూలుగా గడ్డకట్టిస్తే లోపలి మంచు పలుకులు దానిని చీల్చేస్తాయి. కనుక రక్షక ద్రవం కలిపి, సాధారణంగా నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరచి, సున్నాకు దిగువన 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచుతారు. ఏళ్ల తరువాత కరిగించినా అవి బ్రతుకుతాయి. పైగా అంతకు ముందు ఎన్నిసార్లు విభజన చెందాయో, ఆ లెక్క నుండే కొనసాగుతాయి. ఇలాంటి కణాలలోనే రుబెల్లా వైరస్‌ను పెంచి టీకా చేస్తారు. ప్రతి టీకాకూ కొత్త గర్భస్రావం అవసరం లేదు.

‘అరవై ఏళ్లు దాటింది, ఇక చర్చ ఎందుకు?’ అంటారు కొందరు. కాలం గడిచినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. కణాలే తమ లెక్క మరువనప్పుడు మనం మరువవచ్చునా? అలాగని టీకా వేయించే తల్లి ఆ తప్పు చేసినది కాదు, కోరినదీ కాదు. గర్భిణికి తొలి నెలలలో రుబెల్లా సోకితే కడుపులోని బిడ్డకు చెవుడు, కంటి శుక్లాలు, గుండె లోపాలు కలుగవచ్చు. టీకా మన బిడ్డనే గాక, పొరుగింటి గర్భస్థ శిశువునూ కాపాడుతుంది.

అందుకే 2008లో వాటికన్ వెలువరించిన ‘దిగ్నితాస్ పెర్సోనే’ పత్రం అందరి బాధ్యతనూ ఒకే త్రాసులో తూచలేదు. బిడ్డ ఆరోగ్యం కోసం తల్లిదండ్రులు ఇటువంటి టీకా వాడవచ్చునన్నది. అయితే తమ అసమ్మతిని తెలిపి, వేరే టీకాలు కోరే బాధ్యత అందరిదీ అన్నది. ఏ కణాలు వాడాలో నిర్ణయించే వారి బాధ్యత మరింత బరువైనది. వేరే మార్గం అసాధ్యమూ కాదు. జపానులో కుందేలు మూత్రపిండ కణాలతో రుబెల్లా టీకా తయారైంది.

కనుక, తల్లిదండ్రులారా, భయపడక టీకా వేయించండి. అంతటితో ఊరుకోక, ‘వేరే కణాలతో చేసినది దొరుకుతుందా?’ అని వైద్యుని అడగండి. పేరైనా పెట్టబడని ఆ పసికందును మీ కుటుంబ ప్రార్థనలో తలచుకోండి.