పాత గోడ మీద ఎవరికి హక్కు?

మా సంఘం భవనం వయసు తొంభై దాటింది. ముంబయిలో పరేల్ ప్రాంతాన, ఒకప్పుడు మిల్లు భోంగాల మోత వినపడే సందులో, రాతి గోడలు, టేకు స్తంభాలు, మంగుళూరు పెంకులతో నిలబడ్డ రెండంతస్తుల కట్టడం అది. కరీంనగర్, నల్గొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చి మగ్గాల ముందు నిలబడ్డ మన పెద్దలు జీతం అందిన రోజున తలా కాస్త వేసుకుని కట్టించినది. కింద హాలు, ఒక మూల చిన్న వేదిక. పైన గ్రంథాలయం, దాని పక్కన విరిగిన కుర్చీలు పడేసిన రెండు పెద్ద గదులు. మెట్ల కింద ఒక కొట్టు. ఆ కొట్టులో మా కాపలాదారు భార్య ఉంటుంది. అతను పోయి పదేళ్లయింది.

పోయిన వేసవిలో ఈ భవనాన్ని ఏం చేయాలన్న దాని మీద సర్వసభ్య సమావేశం జరిగింది. కూలగొట్టి బిల్డరుకు అప్పగిస్తే కొత్త టవరులో మనకు రెండంతస్తులు, పైగా కొంత సొమ్ము వస్తుందని కార్యవర్గంలో సగం మంది అన్నారు. పెద్దల గుర్తు, ఇటుక కదపవద్దని మిగతా సగం. నేను మూడో మాట అన్నాను. గోడలూ కప్పూ అలాగే ఉంచి, పై అంతస్తులో గ్రంథాలయం పోగా మిగిలిన జాగాను పదకొండు చిన్న గదులు చేసి తక్కువ అద్దెకిద్దాం, కింది హాలును పేటలో అందరూ వాడుకునే చోటుగా చేద్దాం అని. 1941 నుంచి పరేల్‌లో ఉన్న టాటా క్యాన్సర్ ఆసుపత్రికి మన వైపు నుంచి వచ్చే రోగులూ, వాళ్ల వెంట వచ్చినవాళ్లూ ఎక్కడ పడుకుంటున్నారో ఆ రోడ్డున రాత్రిపూట నడిచిన ఎవరికైనా తెలుసు. నా దగ్గర గీసిన నక్షా కూడా ఉంది. చాలామందికి నచ్చింది. చప్పట్లు కూడా పడ్డాయి.

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి వింటున్న కాపలాదారు భార్య అడిగింది: "గంత మందికి గదులు కడుతున్నరు, మంచిదే. మరి నా అర్ర ఏడున్నదన్నా ఆ కాగితంల?"

లేదు. రెండో మెట్లదారి లేనిదే అనుమతి రాదని ఇంజనీరు చెప్పాడు. ఆ మెట్లను ఆమె కొట్టు ఉన్నచోట గీశాను. గీస్తున్నప్పుడు అది ఒకరి ఇల్లన్న సంగతి నాకు తోచనే లేదు. అప్పటి నుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. పాత కట్టడం మీద హక్కు ఎవరిది? కట్టినవాడిదా, కొన్నవాడిదా, అందులో చెమటోడ్చినవాడిదా, ఇప్పుడు అందులో తలదాచుకున్నవాడిదా, లేక తలదాచుకునే చోటు లేక బయట నిలబడ్డవాడిదా?

ఈ నగరానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు బయటికి వచ్చారు. మా బాపు అందులో ఒకడు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. అట్లా కరిగిపోయింది. మిల్లులు ఒక్కటొక్కటే మూతపడ్డాయి. మిగిలింది నగరం నడిబొడ్డున సుమారు 600 ఎకరాల నేల, దాని మీద పొగ రాని చిమ్నీలు, రంపపు పళ్లలాంటి కప్పులతో నేత షెడ్లు. 1991 నాటి నగరాభివృద్ధి నియమాల్లో 58వది ఒక మంచి మాట చెప్పింది. మిల్లు స్థలంలో కొత్తగా కట్టుకోదలిస్తే దాన్ని మూడు పాళ్లు చేయాలి: ఒకటి ఊరికి ఖాళీ జాగాగా, ఒకటి సామాన్యుల ఇళ్లకు, ఒకటి యజమానికి. 1996లో ప్రభుత్వ మిల్లుల భూముల మీద సలహా చెప్పమని వేసిన సంఘానికి ఛార్లెస్ కొరియా అధ్యక్షుడు. ఆయన పుట్టింది 1930లో, సికింద్రాబాదులో. మావాళ్లు ఆ సంగతి చెప్పుకుని కాస్త గర్వపడేవారు కూడా.

2001లో నియమం మార్చారు. మొత్తం స్థలం కాదు, అప్పటికే కట్టడాలు లేని ఖాళీ నేలను మాత్రం మూడు పాళ్లు చేస్తే చాలన్నారు. మిల్లు అంటేనే గోడ నుంచి గోడ దాకా షెడ్లు. ఖాళీ నేల ఎంతుంటుంది? షెడ్డు కూల్చినా దాని కింది నేల పంపకంలోకి రాదు. 2005లో హైకోర్టు దీనికి అడ్డం తిరిగినా, 2006లో సుప్రీంకోర్టు సరేనంది. కొన్ని చోట్ల షెడ్లు అంగళ్లయ్యాయి, హోటళ్లయ్యాయి. చిమ్నీని అందం కోసం ఉంచి దాని చుట్టూ దీపాలు పెట్టారు. కార్మికుడి ఇల్లయిన షెడ్డు మాత్రం నా కంట పడలేదు.

2012లో మ్హాడా కార్మికుల కోసం 6,925 ఇళ్లకు లాటరీ తీసింది. ఒక్కోటి 225 చదరపు అడుగులు. దరఖాస్తులు లక్ష దాటాయి. బాపు పేరు రాలేదు. "ముప్పయేండ్లు మగ్గం ముందట నిలవడ్డోనికి చిట్టీ తీసి ఇల్లిస్తరా?" అన్నాడు, అంతే.

బాపు మాటే సరైన వాదమని చాలాకాలం నమ్మాను. కూలి ఇచ్చేశారు కదా, లెక్క తీరలేదా అనేవాళ్లున్నారు. తీరలేదు. ఆ నేల ధర యజమాని ఒక్కడూ పెంచింది కాదు. చుట్టూ చాళ్లలో కాపురాలు పెట్టి, రైళ్లెక్కి, బజార్లు నడిపి ఊరంతా కలిసి పెంచింది. అయితే ఊరంతా కలిసి పెంచిందన్న తర్వాత అది మిల్లు హాజరుపట్టీలో పేరున్నవాడి హక్కు మాత్రమే ఎలా అవుతుంది? ఖానావళులు నడిపి, ఇరుకు గదుల్లో పొయ్యి ముందు కూర్చుని, షిఫ్టు షిఫ్టుకూ కార్మికులకు అన్నం పెట్టిన ఆడవాళ్లకు ఆ పని పేరు మీద చిట్టీ లేదు. ఇంకో మాట ఉంది. చెప్పుకోవడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నాకు సొంత ఫ్లాటుంది. బాపుకు లాటరీ తగిలి ఉంటే ఆ ఇల్లు ఇప్పుడు నాదయ్యేది. ఆసుపత్రి ముందు అట్టముక్క పరుచుకుని పడుకున్న రోగి అన్న కంటే నాకు అది న్యాయంగా వచ్చేదా అంటే, అవునని చెప్పడానికి నోరు రావడం లేదు. చెమట వారసత్వంగా వస్తుందనుకుంటే ఆస్తికీ దానికీ తేడా ఏముంది?

ఈ చిక్కుకు ఒక చోట కొంత జవాబు దొరికినట్టుంది. లండనులో థేమ్స్ నది ఒడ్డున ఆక్సో టవర్ ఉంది. మొదట తపాలా శాఖ వారి విద్యుత్ కేంద్రం. 1920ల చివర్లో మాంసపు సారం అమ్మే కంపెనీ దాన్ని మార్చి కట్టుకుంది. దీపాల ప్రకటనలకు అనుమతి దొరక్క, గోపురం కిటికీలనే తన సరుకు పేరులోని అక్షరాల ఆకారంలో పెట్టించుకుంది. వ్యాపారబుద్ధి ఎక్కడైనా ఒకటే. తర్వాత అది పాడుబడింది. ఆ పేటవాళ్లు ఏళ్ల తరబడి పోరాడి, 1984లో చుట్టుపక్కల 13 ఎకరాలను నగర ప్రభుత్వం నుంచి పది లక్షల పౌండ్లకు కొన్నారు. 1996 నాటికి టవరులో 78 ఇళ్లు ఒక సహకార సంఘం కింద తయారయ్యాయి. కింద దుకాణాలు, పైన ఖరీదైన భోజనశాల. ఇళ్లలో ఉన్నవాళ్లు అద్దె కడతారు, అమ్ముకోవడానికి వీల్లేదు. అంటే అక్కడ ఇచ్చింది ఉండే హక్కు, సొంతదారు హక్కు కాదు. నాకు ఈ పద్ధతి నచ్చింది. మా నక్షాలో గదులకు అమ్మకం లేకుండా అద్దె పెట్టింది దీన్ని చూసే.

అలాగని ప్రతి పాత గోడనూ నిలబెట్టాలని నేననను. 1920లలో కట్టిన బి.డి.డి. చాళ్లలో, 160 చదరపు అడుగుల గదిలో, వసారా చివర ఉమ్మడి మరుగుదొడ్డితో మూడు తరాలు బతికినవాళ్లను "ఇది చరిత్ర, కూల్చకండి" అని ఆపడానికి నేనెవర్ని? 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల కొత్త ఇళ్ల తాళాలు ఇచ్చినప్పుడు నాకు పాత చాల్ మీద బెంగ కలిగిన మాట నిజమే. ఆ బెంగ అందులో నీళ్లు మోయనివాడి బెంగ. షోలాపూర్ బీడీ కార్మికురాళ్లు పాత కట్టడాల జోలికే పోలేదు. నర్సయ్య ఆడం నాయకత్వంలో పోరాడి కుంభారిలో పదివేల కొత్త ఇళ్లు సాధించుకున్నారు, 2006లో అవి చేతికొచ్చాయి. 2024 జనవరిలో రాయ్‌నగర్‌లో మరో పదిహేనువేలు. అక్కడున్న మా చిన్నమ్మ ఇల్లు బాగుందంటుంది, ఊరు దూరమైందనీ అంటుంది. రెండూ నిజమే. పాత కట్టడంలో ఇల్లు దొరికితే దొరికేది ఆ దగ్గరతనమే: ఆసుపత్రి, బడి, పని, తెలిసిన మొహాలు.

మా సభలో ఇంకో పేచీ వచ్చింది. గదులు తెలుగువారికే ఇవ్వాలని. తెలుగు రోగులకేనని అన్నవాళ్లను తప్పుపట్టలేను. ఈ ఊళ్లో మనకున్నది ఆ ఒక్క కప్పే, దాని కింద మన పిల్లలు కూడా మరాఠీలోనే పోట్లాడుకుంటారు. కానీ జబ్బుతో వచ్చినవాణ్ణి ముందు నీ భాషేమిటని అడగడం నాకు మింగుడు పడదు. గ్రంథాలయమూ ఆదివారం సాయంత్రం హాలూ తెలుగుకు ఉంచుకుందాం, గదులు మాత్రం అవసరాన్ని బట్టి ఇద్దాం అన్నాను. ఒప్పుకున్నవాళ్లు తక్కువ. నేను చెప్పిందే ఒప్పని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే, నా సొంత నక్షాలోంచి ఒక తెలుగు ఆడమనిషిని చెరిపేసి ఈ మాట మాట్లాడానని అప్పుడు గుర్తు చేసుకోలేదు.

నిర్ణయం దసరా తర్వాతకు వాయిదా పడింది. ఇంజనీరును మళ్లీ పిలిచాను. వెనక గోడకు బయట ఇనుప మెట్లు వేయొచ్చన్నాడు. అప్పుడు మెట్ల కింది కొట్టు అలాగే ఉంటుంది, కానీ ఆ మెట్లకు దారి విడిచేందుకు పైన రెండు గదులు పోతాయి. పదకొండు కాస్తా తొమ్మిదవుతాయి. ఆ రెండు గదుల్లో ఏడాదిలో ఎన్ని కుటుంబాలు తలదాచుకునేవో లెక్కవేస్తూ కూర్చున్నాను. ఒక్క మనిషి కోసం అంతమందినా అని ఒక మనసు, ముప్పయ్యేళ్లుగా ఉన్న మనిషిని కదిపి ఎవరికి నీడనిస్తావని ఇంకో మనసు. చివరికి తొమ్మిది గదుల నక్షాయే గీశాను. న్యాయమని గీశానో, ఆమె మొహం చూడలేక గీశానో చెప్పలేను.

కాగితం తీసుకెళ్లి ఆమెకు చూపించాను. కొట్టు ఉన్నచోట వేలు పెట్టి, ఇదే నీ గది అన్నాను. కాసేపు చూసింది. "కిటికీ వెట్టొచ్చునానే?" అని అడిగింది. ఆ గోడకు అవతల పక్క భవనం గోడే ఉంది.