పాత లారీని బాగుచేయించవలెనా, అమ్మవలెనా?



తుంగభద్ర కాలువల క్రింద సింధనూరు, గంగావతి ప్రాంతాల క్యాంపులలో స్థిరపడిన మన తెలుగువారిలో వరి పండించేవారితో పాటు, వడ్లను రైసుమిల్లులకు తోలుతూ ఒక్క లారీ మీదనే ఇల్లు నడుపుకొనేవారు కూడ ఉన్నారు. అటువంటి ఇంటిలో ఇంజను చెడితే అన్నం దగ్గర కూడ దాని మాటే. బాగుచేయించాలా, అమ్మివేయాలా అని రాత్రులు లెక్కలు వేస్తారు. ఇది లెక్కల ప్రశ్న మాత్రమేనని చాలమంది తలంపు. అయితే ఇందులో దేవుని యెదుట తేల్చుకోవలసిన ప్రశ్న కూడ ఒకటి ఉన్నదని మేము నమ్ముతున్నాము గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదట లోపమేమిటో తెలుసుకోవాలి. నల్లపొగ వస్తే డీజిల్ సరిగా కాలడం లేదని అర్థము. నాజిల్సు, పంపు, ఎయిర్ ఫిల్టర్ చూపించితే చాలసార్లు సరిపోతుంది. నీలిపొగ వస్తూ ఇంజనాయిల్ తరుగుతుంటే, ఆయిల్ పోసే మూత తీయగానే పొగ ఉబికి వస్తుంటే, రింగులు, లైనర్లు అరిగినవని అనుమానించాలి. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు మారితే, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. కంప్రెషన్ చూపించకుండ, ఇద్దరు మెకానిక్‌లను అడగకుండ, భయపడి అమ్మినవాడు చిన్న లోపానికి పెద్ద నష్టము తెచ్చుకుంటాడు.

లోపము పెద్దదని తేలితే అప్పుడు లెక్క వేయాలి. ఉదాహరణకు, ఇంజను బాగుంటే లారీ 6 లక్షలు పలుకుతుందనుకొందాము. ఇంజను దింపి బాగుచేయించడానికి లక్షన్నర కావాలి. ఆ డబ్బు చేతిలో ఉండి, ఛాసిస్, బాడీ గట్టిగా ఉండి, కోతల కాలములో కిరాయిలు దొరికేటట్లయితే బాగుచేయించడమే మంచిది. వడ్డీకి తెచ్చి, ఇల్లాలి మెడలోని బంగారము కుదువపెట్టి చేయించవలసి వస్తే, ఎన్ని ట్రిప్పులకు ఆ అప్పు తీరుతుందో కాగితము మీద వేసి చూడాలి. 8 ఏండ్లు దాటిన లారీకి ఏటేటా ఎఫ్.సి. చేయించాలి, ఆ ఖర్చు కూడ కలపాలి. తండ్రి కొన్న బండి అని, అమ్మితే నలుగురిలో చులకనవుతామని అప్పులో దిగడము ఇంటివారికి అన్యాయము. అమ్మడములో తప్పేమీ లేదు.

అయితే అమ్మేటప్పుడే అసలు ప్రశ్న వస్తుంది. లోపము చెప్పి అమ్మితే నాలుగున్నర లక్షలకు, అంతకు తక్కువకు కూడ అడుగుతారు. చెప్పకపోతే 6 లక్షలు రావచ్చు. ఈ నడుమ ఉన్న లక్షన్నర ఎవరిది? దానిని మన తెలివికి వచ్చిన లాభమనుకుంటాము. కాని ఇంజను అరిగినది మన చేతిలో, మన కిరాయిలు తోలి. ఆ నష్టము అప్పుడే మనకు వచ్చినది. నోరు మూసుకొని అమ్మితే మన నష్టమును తెలియనివాని నెత్తిన పెట్టినట్లే.

అడిగితే చెబుతాము, అడగకపోతే మనకెందుకు, చూచి కొనుక్కోవడము వాని పని అనేవారున్నారు. ఈ మాటను తేలికగా కొట్టివేయలేము. చట్టము కూడ కొంతమేరకు ఇదే చెబుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 17వ సెక్షనులో ఒక గుఱ్ఱము ఉదాహరణ ఉన్నది. గుఱ్ఱములో లోపమున్నదని తెలిసిన ఒకడు దానిని వేలములో అమ్ముతూ ఏమీ చెప్పకపోతే, చట్టము దృష్టిలో అది మోసము కాదు. కొనేది అప్పుడే మేజరైన అతని కుమార్తె అయితే మాత్రము చెప్పవలసిన బాధ్యత అతనికి ఉన్నది. ఇక లోపమును పనిగట్టుకొని కప్పిపుచ్చితే, అదే సెక్షను ప్రకారము అది మోసమే. పొగ కనబడకుండ చిక్కటి ఆయిల్ పోసి, ఇంజను కడిగి రంగు వేసి చూపించేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఆ చట్టము గీసిన గీతను గమనించండి. పరాయివానికి ఒక న్యాయము, కుమార్తెకు ఒక న్యాయము. మన ప్రభువును ధర్మశాస్త్రోపదేశకుడొకడు తన పొరుగువాడెవడని అడిగినది ఇటువంటి గీత కోసమే. లూకా 10వ అధ్యాయములోని జవాబు మనకందరికి తెలుసు. గాయపడినవాడు తనకు ఏమవుతాడని సమరయుడు విచారించలేదు. మన లారీ కొనేవాడు కన్నడిగుడు కావచ్చు, మరాఠీవాడు కావచ్చు, మన సంఘము మొగము చూడనివాడు కావచ్చు. మన పెద్దలు ఈ ప్రాంతాలకు వచ్చిన క్రొత్తలో వారు కూడ భాష రాని సంతలలో మధ్యవర్తి మాట నమ్మి ఎడ్లను, బండ్లను కొన్నవారే. పరాయిచోట బేరమాడడము ఎంత కష్టమో మన ఇండ్లలో తెలియనిది కాదు.

మోషే ధర్మశాస్త్రములో రెండు విధులు ఈ విషయములో మనకు దారి చూపుతాయి. లేవీయకాండము 25వ అధ్యాయము 14 నుండి 16 వచనముల ప్రకారము, పొలము అమ్మేటప్పుడు సునాద సంవత్సరము వరకు ఎన్ని పంటలు మిగిలి ఉన్నవో లెక్కించి దానిని బట్టి వెల పెట్టాలి. ఇంజనుకు కూడ మిగిలిన ఆయుష్షును బట్టే వెల ఉండాలి. నిర్గమకాండము 21వ అధ్యాయము చివరి వచనములలో ఎద్దుల తగవు ఉన్నది. ఒకని ఎద్దు మరొకని ఎద్దును పొడిచి చంపితే, బ్రదికిన ఎద్దును అమ్మి ఆ సొమ్మును ఇద్దరూ పంచుకోవాలి. అది పొడిచే ఎద్దని యజమానికి ముందే తెలిసియుంటే, చచ్చిన ఎద్దుకు బదులు ఎద్దును అతడే ఇచ్చుకోవాలి. తెలిసియుండుటను బట్టి దేవుడు లెక్క అడుగుతాడని మాకు దీనివలన అర్థమవుతున్నది.

ఇది ప్రాణముల మాట కూడ. లోడుతో ఘాటు ఎక్కుతుండగా ఇంజను ఆగిపోతే పవర్ స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ ఆగిపోయి, ట్యాంకులో మిగిలిన గాలే ఆధారమవుతుంది. ఆ సమయమున క్యాబినులో ఉండేది డ్రైవరు, క్లీనరు. మనము తీసుకున్న ధరలో వారికి పైసా వాటా లేదు.

బ్రోకరుకు చెప్పి అమ్మితే, అతడు తరువాతివానికి చెప్పకపోవడము మా తప్పా అని ఒకరు అడుగవచ్చు. పరుల నోటికి మనము పూచీపడలేము. కాని లోపమును అమ్మకపు కాగితములో వ్రాయించి, మెకానిక్ ఇచ్చిన ఎస్టిమేటును జతచేసి ఇవ్వగలము. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి ఇచ్చి చేతులు దులుపుకోరాదు. మోటారు వాహనముల చట్టము, 1988 ప్రకారము అదే రాష్ట్రములో అమ్మినప్పుడు 14 దినములలో ఆర్.టి.ఓ. ఆఫీసుకు తెలియజేయాలి. ఆర్.సి.లో ఎవరి పేరున్నదో వారే ప్రమాద నష్టపరిహారమునకు బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చినది.

చివరిగా సంఘములకు ఒక మాట. నిజము చెప్పినందుకు ఒక సహోదరుడు లక్షన్నర నష్టపోతే, ఆదివారము అతనిని మెచ్చుకొని సోమవారము మరచిపోవడము న్యాయము కాదు. ఆ ఇంటికి అప్పటికే ఫైనాన్సు వాయిదా ఉండవచ్చు, పిల్లల ఫీజు ఉండవచ్చు. సంఘములో ఉన్నవారు వడ్డీ లేకుండ కొంత చేబదులు ఇవ్వవచ్చు. లారీలు గలవారు అతనికి పని చూపించవచ్చు. వడ్లు తోలించే రైతులు, అతడు బండిని బాగుచేయించుకున్న తరువాత మొదటి కిరాయి అతనికే ఇవ్వవచ్చు. అందరము కలిసి కొంత భరిస్తే, నిజము చెప్పడము కలిగినవారికి మాత్రమే సాధ్యమైన పని కాకుండ పోతుంది.

కొనుటలోను అమ్ముటలోను మన మాట నమ్మదగినదిగా ఉండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమెన్.